ఒక్కని కూత, ఏడుగురి గెలుపు

ఆటను చూచువారిలో రెండు తెగలవారు కలరు. ఒక తెగవారు ఆటగానిని చూతురు. రెండవ తెగవారు ఆటను చూతురు. మొదటి తెగవారే ఎల్లప్పుడును అధికము. అది సహజమే. పదిమంది నడుమ ఒకడు మెరుపువలె దూసికొని పోవుచుండగా కన్ను వాని వెంటనే పోవును గాని, వానికి దారి యిచ్చినవారి వైపు పోదు. ప్రేక్షకుడు అట్లు చూచుట వలన ఎవరికిని నష్టము లేదు. కాని ఒక సంస్థను నడుపువారు, ఒక నిధిని వెచ్చించువారు కూడ ఆ విధముగనే చూచినచో నష్టము కలదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

మన కళాశాలలో క్రీడలను గూర్చి రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇప్పటికే పేరు తెచ్చుకొన్న ఆటగాండ్రను ఒకరిద్దరిని బయటినుండి రప్పించి, వారికి ఫీజు రాయితీయు, వసతియు కల్పించినచో అంతర కళాశాలల కబడ్డీ షీల్డు మనకు దక్కునని కొందరి మతము. ఆ ధనముతో ఒక మంచి కోర్టు వేయించి, ఒక శిక్షకుని నియమించి, మన విద్యార్థులనే తీర్చిదిద్దవలెనని మరికొందరి మతము. నేను రెండవ పక్షమువాడను. కేవలము అభిమానము చేత కాదు. వృత్తి క్రీడాకారుల ఆటలో గత కొన్ని సంవత్సరములుగా కనబడిన లెక్కలే నన్ను ఈ పక్షమునకు చేర్చినవి. ఆ లెక్కలను విద్యార్థి మిత్రుల యెదుటను, కళాశాల కార్యనిర్వాహక వర్గము వారి యెదుటను ఉంచుచున్నాను.

కబడ్డీ మనకు పరాయి ఆట కాదు. కవిటి, కంచిలి, సోంపేట మొదలు మందస, వజ్రపుకొత్తూరు వరకు ఉద్దానపు ఇసుక నేలలలో చెడుగుడు ఆడని పల్లె అరుదు. కొబ్బరి చెట్ల నడుమ కాలితో గీత గీసిన చాలును, కోర్టు సిద్ధమగును. బంతి వలదు, బ్యాటు వలదు, బూట్లు వలదు. పేదవాని ఆట యనునది దీనికి నింద కాదు, బిరుదు. ఈ ఆటయే 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముల పోటీగా ప్రవేశించినది. 2014లో ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనది. తెలుగువారి పేరిట తెలుగు టైటాన్స్ అను జట్టు మొదటి సీజన్ నుండియు అందులో ఆడుచున్నది. విశాఖపట్నమునందును, హైదరాబాదునందును ఆ జట్టు ఆటలు జరిగినపుడు మన ప్రాంతపు యువకులు ఎంత ఉత్సాహముతో చూచిరో అందరికిని తెలిసినదే.

ఇక అసలు కథకు వత్తును. పవన్ సెహ్రావత్ 1996లో జన్మించిన ఢిల్లీ వాసి. కూతకు పోయినపుడు పట్టువారి తలల మీదుగా ఎగిరి వచ్చుట అతని ప్రత్యేకత. 2018-19లో జరిగిన 6వ సీజన్‌లో బెంగళూరు బుల్స్ పక్షాన 271 రైడ్ పాయింట్లు సంపాదించెను. ఫైనల్‌లో అతడొక్కడే 22 పాయింట్లు తెచ్చెను. బెంగళూరు విజేత అయ్యెను. మరుసటి సీజన్‌లో 346 రైడ్ పాయింట్లు సాధించి కూతగాండ్రలో ప్రథముడయ్యెను. అందులో ఒకే పోటీలో 39 పాయింట్లు! అయినను ఆ యేడు టైటిల్ బెంగళూరునకు రాలేదు. ఈ చిన్న విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. 271 పాయింట్ల యేడు జట్టు గెలిచెను. 346 పాయింట్ల యేడు గెలువలేదు.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పవన్ నాయకత్వమున భారతదేశము ఇరానును 33-29 తేడాతో ఓడించి స్వర్ణ పతకము గెలుచుకొన్నది. 2018లో జకార్తాలో పోగొట్టుకొన్న కీర్తి తిరిగి వచ్చినది. అదే నెలలో జరిగిన వేలములో తెలుగు టైటాన్స్ వారు అతనిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొనిరి. లీగు చరిత్రలో అంతవరకు ఏ ఆటగానికిని అంత ధర పలుకలేదు. అంతకు ముందు రెండు సీజన్లలోను టైటాన్స్ పట్టికలో అట్టడుగున నిలిచియుండిరి. కనుక తెలుగు అభిమానుల ఆశ ఆకాశమునంటినది. ‘ఇక మన జట్టుకు తిరుగు లేదు’ అను మాట ప్రతి నోటను వినబడినది.

2023 డిసెంబరు 2న 10వ సీజన్ ఆరంభమైనది. సీజన్ ముగియునప్పటికి పవన్ 202 రైడ్ పాయింట్లు తెచ్చెను. సగటున పోటీకి తొమ్మిదికి పైమాట. అతడు తన పని చేయలేదని ఎవ్వరును అనజాలరు. ఆ సీజన్‌లోనే లీగులో తన వేయవ రైడ్ పాయింటును కూడ పూర్తిచేసికొన్నాడు. కాని జట్టు సంగతి యేమి? 22 పోటీలు ఆడి గెలిచినవి 2. ఓడినవి 19. సమముగా ముగిసినది 1. మొత్తము 21 పాయింట్లతో 12 జట్లలో 12వ స్థానము. వరుసగా మూడవ సారి అట్టడుగు.

ఈ 21ని విడదీసి చూచిన ఇంకొక విషయము బయటపడును. ఆ సీజన్ నాటి లీగు నిబంధనల ప్రకారము గెలుపునకు 5, సమమునకు 3, ఏడు పాయింట్లు గాని అంతకు తక్కువ గాని తేడాతో ఓడినచో 1 లభించెడిది. రెండు గెలుపులకు 10, ఒక సమమునకు 3 పోగా మిగిలినవి 8. అనగా 19 ఓటములలో 8 కొద్దిపాటి తేడాతో చేజారినవే. జట్టు యెంతో దూరములో లేదు. ఎనిమిది మారులు గడప వరకు వచ్చి వెనుదిరిగినది. గడప దాటుటకు కావలసినది మరొక గొప్ప కూతగాడు కాదు. చివరి నిమిషములలో ఒక పట్టు, ఒక ఓర్పు, ఒక రెండవ చేయి.

ఇట్లెందుకు జరిగెను? ఆట నియమములలోనే సమాధానము కలదు. కబడ్డీలో కూతగాడు ఎదుటివారి ముంగిట ఒంటరిగా ముప్పది సెకండ్లు మాత్రమే ఉండును. వానిని పట్టుకొన్నచో వాడు బయటికి పోయి కూర్చుండవలెను. తనంతట తాను లోనికి రాలేడు. తన జట్టువారు ఎదుటివారిలో ఒకరిని అవుట్ చేసినప్పుడే ఒకడు తిరిగి లోనికి వచ్చును. ఎంతటి వీరుడైనను పట్టుబడిన మరుక్షణమే ఇతరుల దయ మీద ఆధారపడిన వాడగును. రెండవ కూతగాడు గాని, మూలలయందు నిలుచు పట్టువారు గాని సమర్థులు కాకున్నచో కోట్ల రూపాయల ఆటగాడు బల్ల మీద కూర్చుండి కాలము గడుపవలసి వచ్చును. అతడు బయట నున్న ప్రతి నిమిషమును ఎదుటివారికి లాభమే.

పాయింట్ల పట్టికలో కనబడని మరొక సూక్ష్మము కలదు. ఎదుటివారు ఆరుగురు గాని ఏడుగురు గాని ఉన్నపుడు బోనస్ గీత దాటి వచ్చిన కూతగానికి ఒక పాయింటు లభించును. అది అతని ఖాతాలో రైడ్ పాయింటుగనే చేరును. కాని బోనస్ పాయింటు వలన బయట నున్న సహచరుడు లోనికి రాడు. ముట్టి తెచ్చిన పాయింటు ఒకనిని బ్రతికించును. బోనస్ పాయింటు అంకెను పెంచును గాని మనిషిని తీసికొని రాదు. పత్రికలోని అంకెకు రెండును ఒకటే. కోర్టులోని జట్టుకు రెండును ఒకటి కావు. ఒక ఆటగాని సీజన్‌ను ఒక్క అంకెతో కొలుచువారు ఈ భేదమును గమనింపరు.

ఇక ధనము సంగతి. ఆ వేలములో ఒక్కొక్క జట్టు ఆటగాండ్రపై వెచ్చింపదగిన మొత్తము 5 కోట్ల రూపాయలు. అందులో సగమునకు మించి ఒక్కనికే పోయినది. మిగిలిన సగములోనే తక్కిన జట్టంతయు సమకూడవలెను. పెండ్లి భోజనమునకు ఇచ్చిన పైకములో సగము ఒక్క మిఠాయికి ఖర్చుచేసి, అన్నము, పప్పు, కూరలు మిగిలిన సగముతో సర్దుకొనుమన్నట్లు. మిఠాయి బాగుగనే యుండును. విందు మాత్రము విందు కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. అదే వేలములో పూణే జట్టు కూడ ఇరాను ఆటగాడైన మొహమ్మద్‌రెజా షాద్లూయిని 2 కోట్ల 35 లక్షలకు కొన్నది గదా, ఆ జట్టే ఆ సీజన్ విజేత అయినది గదా యని అడుగవచ్చును. నిజమే. 2024 మార్చి 1న హైదరాబాదులోనే పుణేరి పల్టన్ వారు హర్యానా స్టీలర్స్‌ను 28-25 తేడాతో ఓడించి టైటిల్ గెలుచుకొనిరి. కాని పూణే వారు కొన్నది పట్టువానిని. అతడు 99 టాకిల్ పాయింట్లతో రక్షకులలో ప్రథముడయ్యెను. అంతకంటె ముఖ్యమైన దేమనగా, అతడు వచ్చుటకు ముందే అచ్చట జట్టు సిద్ధముగా నుండెను. యువ ఆటగాండ్రను చిన్ననాటనుండి తీర్చు పద్ధతిని పూణే వారు పెట్టుకొనియుండిరి. అస్లమ్ ఇనామ్‌దార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే వంటివారు కూత భారమును పంచుకొనిరి. ఆ జట్టులో ఏ కూతగాడును ఆ సీజన్‌లో 200 రైడ్ పాయింట్లు దాటలేదు. దాటవలసిన అవసరము రాలేదు. కట్టిన గోడలపై కప్పు వేసిన ఇల్లు నిలుచును. గోడలు లేక కప్పు కొన్నవాని గతి యేమి?

ఇది ఒక్క సీజన్ విచిత్రము కాదు. 2019లో 7వ సీజన్‌కు టైటాన్స్ వారు సిద్ధార్థ్ దేశాయిని 1 కోటి 45 లక్షలకు తీసికొనిరి. అతడు 217 రైడ్ పాయింట్లు తెచ్చెను. జట్టు 12లో 11వ స్థానమున నిలిచెను. మరి 2024 నాటి 11వ సీజన్‌లో ఏమైనది? పవన్ గాయము వలన అనేక పోటీలకు దూరమయ్యెను. అతని రైడ్ పాయింట్లు 126కు తగ్గినవి. కాని శిక్షకుడు కృష్ణకుమార్ హూడా ఆధ్వర్యమున విజయ్ మలిక్ మొదలగువారు బాధ్యతను తలకెత్తుకొనిరి. జట్టు 22లో 12 పోటీలు గెలిచినది. రెండు గెలుపులనుండి పన్నెండు గెలుపులకు! ప్లేఆఫ్ అవకాశము స్వల్పములో తప్పినది. 2025లో 12వ సీజన్ విశాఖపట్నములో ఆరంభమైనపుడు పవన్ తమిళ్ తలైవాస్ పక్షాన టైటాన్స్‌కు ఎదురు నిలిచెను. ఆ మొదటి పోటీ తలైవాస్ వారిదే, మూడు పాయింట్ల తేడాతో. కాని ఆ సీజన్‌లో ప్లేఆఫ్ దశకు చేరినది టైటాన్స్. పవన్ తక్కువవాడని దీని భావము కాదు. అతడు తరమునకొక్కడుగా పుట్టు ఆటగాడు. జట్టు అనునది వేరొక పదార్థము, దానిని వేలములో కొనుట సాధ్యము కాదని మాత్రమే దీని భావము.

సముద్రముల కావల నుండి ఒక ఉదాహరణము చూతము. అమెరికాలో వారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మన ఫుట్‌బాల్ కాదు. అందు బంతిని చేతబట్టి ఎదుటివారి గుంపును చీల్చుకొని పరుగెత్తువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. మన కూతగానికి దగ్గర చుట్టమని చెప్పవచ్చును. ఇతడు పట్టువారి చేతులు తప్పించుకొని గీత చేరవలెను, అతడును అట్లే. అయితే అతని ముందు అయిదుగురు భారీకాయులు వరుసగా నిలిచి, ఎదుటివారిని త్రోసి, దారి తీయుదురు. వారి చేతికి బంతి రాదు. వారి పేర్లు ప్రేక్షకులకు తెలియవు.

సేక్వన్ బార్క్లీ అను రన్నింగ్ బ్యాక్ 2023లో న్యూయార్క్ జెయింట్స్ పక్షాన 962 గజములు పరుగెత్తెను. మనిషి సమర్థుడు. ముందున్న వరుస అంతటి సమర్థమైనది కాదు. ఆ జట్టు 17 పోటీలలో 6 మాత్రమే గెలిచెను. 2024లో అతడు ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు మారెను. ఆ యేడు అతడు పరుగెత్తినది 2,005 గజములు. మన కొలతలో సుమారు 1,833 మీటర్లు. రెండు కిలోమీటర్లు కూడ కాని దూరము! పలాసలో ఏ బాలుడైనను కొన్ని నిమిషములలో పరుగెత్తగల దూరము. కాని 345 మారులు బంతి పట్టి, అడుగడుగునకు మీదపడువారిని తప్పించుకొనుచు, మారునకు సగటున ఆరు గజములకు కొంచెము తక్కువగా గెలుచుకొన్న దూరమది. ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక సీజన్‌లో రెండు వేల గజములు దాటినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే.

ఆ మహత్తు మనిషిదా, వరుసదా? దీనిని కొలుచుటకు ఒక అవకాశము కలదు. అంతకు ముందటి యేడు, 2023లో, ఈగిల్స్ పక్షాన డియాండ్రె స్విఫ్ట్ అను మరొక ఆటగాడు 1,049 గజములు పరుగెత్తెను. అనగా బలమైన వరుస వెనుక ఒక మంచి ఆటగాడు పరుగెత్తినపుడు సుమారు వేయి. బలహీనమైన వరుస వెనుక గొప్ప ఆటగాడు పరుగెత్తినపుడును సుమారు వేయి. బలమైన వరుసయు, గొప్ప ఆటగాడును కలిసినపుడు రెండు వేలు. ఇంతకంటె స్పష్టమైన లెక్క మరొకటి నాకు కనబడదు. వీరుడు వ్యర్థమని ఈ లెక్క చెప్పుట లేదు. వీరుడు మాత్రమే చాలడని చెప్పుచున్నది. 2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్ ఫైనల్‌లో ఎదుటివారు బార్క్లీని కట్టడి చేసిరి. అతనికి 57 గజములే దక్కినవి. అయినను ఈగిల్స్ 40-22 తేడాతో గెలిచిరి. వీరుని చేతులు కట్టివేసిన నాడు ఇతరుల చేతులు పనిచేసినవి. జట్టు అనగా అదియే.

ఆ వరుసను తీర్చినవాడు జెఫ్ స్టౌట్‌లాండ్ అను శిక్షకుడు. 2013 నుండి ఆ పనిలో నుండెను. అతని శిష్యులలో జోర్డన్ మైలాటా అను ఆస్ట్రేలియా యువకుడు ఒకడు. 2018లో జట్టువారు ఇతనిని చేర్చుకొనునాటికి ఇతడు రగ్బీ ఆడినవాడే గాని ఈ ఫుట్‌బాల్‌లో ఒక్క పోటీయైనను ఆడి యెరుగడు. కొన్నేండ్ల సాధన వలన ఆ దేశపు మేటి ఆటగాండ్రలో ఒకడయ్యెను. ఆటగానిని కొనవచ్చును, చేయవచ్చును. చేయుటకు శిక్షకుడు కావలెను, కాలము కావలెను.

ఈ సత్యమును మన తెలుగునాటనే ఒక ఉపాధ్యాయుడు ఏనాడో ఆచరించి చూపెను. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు నగర పోలీసు జట్టును ఆయన తీర్చిన తీరు భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఒక అధ్యాయము. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మారులు రోవర్స్ కప్పు గెలిచినది. ఒక్కడే బంతిని కాళ్ళవద్ద నుంచుకొని విన్యాసములు చేయుటను ఆయన ఒప్పుకొనలేదు. ఆ విన్యాసములకు తావులేని పోటీలను పెట్టించి, బంతిని సహచరునకు అందించుట అలవాటు చేయించెను. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను కూడ పెట్టించెను. ఆయన శిక్షణలో భారతదేశము 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది. సికింద్రాబాదు నుండి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి మేటి ఆటగాండ్రు ఆ పద్ధతిలో ఎదిగినవారే. పద్ధతి గొప్పవారిని అణచలేదు. వారిని ఇంకను గొప్పవారిని చేసినది.

మన ప్రాంతమునకే వత్తము. వీరఘట్టములో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మల్లయోధుడుగా దేశదేశముల పేరుపొందెను. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట నుండి బయలుదేరిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగమున మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము తెచ్చెను. ఒలింపిక్ పతకము గెలిచిన ప్రథమ భారతీయ మహిళ ఆమె. ఆమెకు మొదట బరువులెత్తుట నేర్పినవారు నీలంశెట్టి అప్పన్న. ఒక చిన్న పల్లెలో శ్రద్ధగల ఒక గురువు ఉండుట వలన కలిగిన ఫలమది. ఏ వేలములోను ఆమెను ఎవరును కొని తేలేదు. శ్రీకాకుళము జిల్లాకు పతకము దిగుమతి యైన వస్తువు కాదు, పండిన పంట.

పంట మాట వచ్చినది గనుక ఉద్దానపు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. ఆ మరునాడు బజారులో కాయలు కొని తెచ్చి కూలిన చెట్లకు వ్రేలాడదీసినచో తోట అగునా? రైతు ఆ పని చేయలేదు. మొక్క నాటెను. నీరు పోసెను. కాపునకు ఏండ్లు పట్టునని తెలిసియే నాటెను. కళాశాల ఆటస్థలము కూడ ఒక తోటయే. ఒకరిద్దరిని తెచ్చి ఒక యేడు షీల్డు గెలువవచ్చును. వారు పరీక్షలు ముగించి వెడలిపోయిన తరువాత మనకు మిగులునది అద్దాల బీరువాలో ఒక షీల్డు, ఆటస్థలములో గడ్డి. పలాస జీడిపప్పు పెట్టె తెరచి తెల్లని గుడ్లను మెచ్చుకొనువారు, వాటిని కొట్టి, పొట్టు తీసి, ఏరి, వేరుచేసిన స్త్రీల చేతులను తలచరు. వ్యాపారి మాత్రము తలచును. ఆ చేతులు లేని నాడు పెట్టె నిండదని అతనికి తెలియును. కార్యనిర్వాహక వర్గము వారు మెచ్చుకొను గిరాకీవలె గాక, తెలిసిన వ్యాపారివలె ఆలోచింపవలెనని మనవి.

‘పేరుపొందిన ఆటగాడొకడు మన నడుమ ఉన్నచో తక్కినవారికి ఉత్సాహము కలుగును గదా’ అని కొందరు వాదింతురు. ఈ వాదములో బలము లేకపోలేదు. కాని వాని వెంట సాధన చేయుటకు కోర్టు లేనిచో ఆ ఉత్సాహము చప్పట్లతో సమాప్తమగును. మరొక చిక్కును కలదు. రాయితీలు పొంది వచ్చిన ఒకనికి ప్రతి పోటీలోను చోటు ఖాయము. మూడేండ్లు ఎండలో సాధన చేసిన మన టెక్కలి, మందస కుర్రవాడు గీత బయట నిలిచి నీళ్ళ సీసాలు అందించును. విద్యాసంస్థ యొక్క ఉద్దేశము షీల్డులు పోగుచేయుట కాదు. తన యొద్దకు వచ్చిన విద్యార్థిని వచ్చిన నాటికంటె మెరుగైనవానిగా పంపుట. తరగతి గదిలో ఈ ధర్మమును ఒప్పుకొని ఆటస్థలములో మరచుట తగదు. పరీక్షలో ఉత్తీర్ణుల సంఖ్య పెంచుటకు బయటి విద్యార్థులను తెచ్చి కూర్చుండబెట్టుదుమా?

కావున నా సూచనలు కొన్ని. మొదటిది, 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల ఒక శాశ్వత కోర్టు. మెత్తని మన్ను పోసి, రాళ్ళేరి, నీళ్ళు చల్లి ఉంచిన చాలును. దానిలోనే స్త్రీలకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల కోర్టు గీతలును ఇమిడిపోవును. రెండవది, వారమునకు కనీసము నాలుగు దినములు వచ్చు శిక్షకుడు. మన ప్రాంతములోనే పూర్వము బాగుగా ఆడి నేడు ఖాళీగా నున్నవారిని గౌరవ వేతనముపై నియమింపవచ్చును. మూడవది, విద్యార్థినుల జట్టు. మల్లేశ్వరి పుట్టిన జిల్లాలో బాలికలు ఆటను గోడ మీదుగా చూడవలసిన అగత్యము లేదు. నాలుగవది, ఒక లెక్కల పుస్తకము. అందు ఎవడెన్ని పాయింట్లు తెచ్చెనన్నదే గాక, ఎవడు ఎవరిని పట్టెను, ఎవని వలన ఎందరు తిరిగి లోనికి వచ్చిరి అన్నది కూడ వ్రాయవలెను. అయిదవది, వార్షికోత్సవ బహుమతులలో ఉత్తమ కూతగానికి ఇచ్చు కప్పుతో పాటు ఉత్తమ పట్టువానికి సమానమైన కప్పు. దేనిని గౌరవింతుమో అదియే పెరుగును.

విద్యార్థి మిత్రులారా! కోర్టును కార్యనిర్వాహక వర్గము వారు ఇయ్యగలరు. సాధనను మీరే ఇయ్యవలెను. అందరును కూతగాండ్రు కాగోరినచో మూలలలో ఎవరు నిలుతురు? చీలమండ పట్టుకొని మట్టిలో ఈడ్వబడుచు, సహచరుడు వచ్చు వరకు పట్టు విడువని వాని ఛాయాచిత్రము పత్రికలో పడదు. కాని వాని పట్టు వలననే బయట కూర్చున్న వీరుడు మరల లోనికి వచ్చును. 202 పాయింట్లు తెచ్చిన మహావీరుడు పందొమ్మిది ఓటములను ఆపలేకపోయెను. అంకెలు అతనివి, ఓటములు అందరివి. గెలుపు కూడ అట్లే అందరిదగును, దానిని అందరును కలసి సంపాదించిన నాడు.

రాబోవు సంవత్సరపు బడ్జెట్టులో క్రీడల పద్దును వ్రాయు వేళ పెద్దలు ఈ ఒక్క ప్రశ్నను తమకు తాము వేసికొందురు గాక: ఈ ధనము వెచ్చించిన మూడేండ్ల తరువాత మన ఆటస్థలములో ఏమి మిగులును? ఒక పేరా, లేక ఒక జట్టా? జట్టు మిగులునట్టి మార్గమునే వారు ఎంచుకొందురని నా విశ్వాసము.